బిళ్ల అంచున సైమా స్క్రీన్స్

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ నుంచి లోపలికి పోయే సందులో మూడో కొట్టు సైమా స్క్రీన్స్. ఐజాజ్ ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ కూర్చుని ఊళ్లోవాళ్ల పేర్లు అచ్చేస్తున్నాడు. పెళ్లికొడుకుల పేర్లు, పెళ్లికూతుళ్ల పేర్లు, కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలకు చందాలిచ్చినవాళ్ల పేర్లు, గెలిచిన సర్పంచుల పేర్లు, ఓడిన సర్పంచుల పేర్లు. ఓడినవాళ్లవి మళ్లీ ఎన్నికలొచ్చేలోపు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేయాల్సి వచ్చేది. తన పేరు మాత్రం ఎక్కడా వేసుకోలేదు. కార్డు అడుగున, చీమలు బారు కట్టినంత సైజులో ఒకే ఒక్క లైను: సైమా స్క్రీన్స్, నరసరావుపేట, పక్కన ఫోన్ నంబరు. సైమా అతని కూతురు. ఆ లైను లేకుండా కొట్టులోంచి ఒక్క కాగితం కూడా బయటికి పోయింది లేదు.

ఆ లైను సంగతి అతనికి తండ్రి నేర్పాడు. తండ్రి ట్రెడిల్ మిషను కాలితో తొక్కి కరపత్రాలు వేసిన మనిషి. ఐజాజ్‌కి ఇరవై ఏళ్లప్పుడు ఒక శుభలేఖలో పెళ్లికూతురి తాతగారి పేరు ముందు 'కీ.శే.' పడింది. తాతగారు బతికే ఉన్నారు. రొంపిచర్ల నుంచి బస్సెక్కి కార్డు చేతబట్టుకుని స్వయంగా కొట్టుకొచ్చారు. "చచ్చినోణ్ని వచ్చాను, బాగా చూసుకో" అని ఐజాజ్ చొక్కా పట్టుకున్నారు. ఐదొందల కార్డులు మళ్లీ వేసిచ్చారు. ఆ సాయంత్రం ఐజాజ్ ఉడుకుమోత్తనంతో, ఆ లైను లేకపోతే ముసలాయన మన కొట్టు ఎట్టా కనుక్కునేవాడు, తీసేద్దాం అన్నాడు. తండ్రి కాలు ఆపకుండానే చెప్పాడు: "అది మన గొప్పకు కాదురా. తప్పు పడితే ఎవడి చొక్కా పట్టుకోవాలో జనానికి తెలియాల. అందుకు."

తండ్రి పోయాడు, ట్రెడిల్ పాత ఇనుము కింద పోయింది, ఐజాజ్ స్క్రీన్ పట్టాడు. చెక్క ఫ్రేముకి సన్నని జాలీగుడ్డ బిగించి, అక్షరాలున్నచోట రంధ్రాలు తెరిచి, మిగతాచోట మూసి, పైనుంచి రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింద అచ్చు పడుతుంది. ఆ లాగుడులో ఐజాజ్ చెయ్యి తిరిగినవాడు. గుంటూరు నుంచి కూడా పని వచ్చేది. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. ఆ తర్వాత శుభలేఖ ఫోన్లో పంపించే కాలమొచ్చింది. కొట్టులో మిగిలింది రబ్బరు స్టాంపులు, ఏడాదికి నలభై పెళ్లిళ్లు, భార్య నజీమా. ఆమె కార్డులు మడిచి నాలుగు మూలలా పసుపు పెడుతుంది. హిందువుల ఇళ్లలో ఆడవాళ్లకు ఇప్పుడు ఆ తీరిక లేదు. అందువల్ల పేటలో సగం పెళ్లిళ్ల పసుపు నజీమా చేతిదే.

ఇట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం భార్గవి అనే అమ్మాయి కొట్టుకొచ్చింది. వినుకొండ పిల్ల. హైదరాబాదులో పిహెచ్‌డీ చేసి, వినుకొండ రోడ్డులో ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. స్టీలు టిఫిను డబ్బా తెరిచి, దూది మధ్య నుంచి తెల్లటి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. చేతి గడియారం డయల్‌కి కాస్త పెద్ద, అట్టముక్కంత పలచన.

"ఏందమ్మా ఇది, క్యారమ్స్ బిళ్లా?" అన్నాడు ఐజాజ్.

"సిరామిక్ అండీ. దీనికి రెండు పక్కలా ఈ నల్ల సిరా పలచగా, సమానంగా వెయ్యాలి. మీరు వేస్తారని చెప్పారు."

"దేనికి?"

భార్గవి చెప్పింది. ఆ బిళ్లను ఎనిమిది వందల డిగ్రీల కొలిమిలో పెట్టి కరెంటు ఇస్తారు. ఒక పక్క నుంచి కార్బన్ డయాక్సైడ్ వదిలితే, అందులోని ఆక్సిజన్ ఒకటి ఊడి, బిళ్లలోంచి దూరి అవతలి పక్కకు పోతుంది. మిగిలింది కార్బన్ మోనాక్సైడ్. అది మండుతుంది. దానికి హైడ్రోజన్ కలిపి ఇంకొన్ని తంటాలు పడితే డీజిల్ దాకా పోవచ్చు.

"పొగలోంచి డీజిలా?"

"పొగలోంచే."

"ఈ నలుపేంది మరి?"

"ఎలక్ట్రోడండీ. కరెంటు బిళ్లకు అందేది, ఆక్సిజన్ ఊడేది దాని మీదే. ఇది కూడా సిరామిక్కే. లాంథనం, స్ట్రాన్షియం, ఇనుము లాంటివి కలిపి కాల్చి నూరిన పొడి. లోహం పూస్తే మసి పట్టి మూసుకుపోతుంది, ఇది తట్టుకుంటుంది. కాకపోతే మా దగ్గర ఇది నిలవడం లేదు. కాల్చగానే అంచు దగ్గర లేచి, గోడ సున్నంలా పెచ్చులూడుతోంది."

"ఎవరేస్తున్నారు?"

"మా స్టూడెంట్లు. బ్రష్షుతో."

ఐజాజ్ బిళ్లను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. నజీమా మాత్రం పసుపు చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది.

ఆ కాలేజీ చైర్మన్ వెంకట్రామయ్య. పిడుగురాళ్ల దగ్గర ఆయనకు సున్నం బట్టీలున్నాయి. రాయి కాలితే సున్నం కిందికి, కార్బన్ డయాక్సైడ్ పైకి. నలభై ఏళ్లు ఆయన కింద పడినదాన్నే అమ్ముకున్నారు. పైకి పోయేదాన్ని పట్టి ఇంధనం చేసే పరిశోధనకు ఢిల్లీలో గ్రాంటు ఉందని తెలిసినప్పటి నుంచి ఆకాశం వైపు చూసి నిట్టూర్చడం మొదలుపెట్టారు. పొగ వదిలేదీ ఆయనే, పొగను పట్టేదీ ఆయనే. ఆ గ్రాంటుతో సిరా పూసే విదేశీ మిషను కొన్నారు. దానికి రెండుసార్లు ప్రారంభోత్సవం జరిగింది. కరెంటు కనెక్షన్ ఒక్కసారీ జరగలేదు. గదికి ఏసీ పెడితేగానీ ప్లగ్గు పెట్టకూడదని కంపెనీవాళ్లు రాశారు. ఏసీ కొన్నారుగానీ అది చైర్మన్ గారి గదిలో చల్లగా తిరుగుతోంది. మిషను మీద కుంకుమ బొట్టు మాత్రం ఇంకా చెరగలేదు.

ఐజాజ్ ఆ సిరాను కత్తి మొనతో ఎత్తి జారవిడిచి చూశాడు. ముద్దగా ఉందన్నాడు. ఇంకొంచెం నూనె పోసి పొద్దుపోయేదాకా నూరించాడు. దేవదారు నూనె లాంటి వాసన కొట్టంతా పట్టింది. మర్నాడు ఫ్రేము తయారుచేశాడు. గుండ్రటి అచ్చు అనేసరికి రబ్బరు స్టాంపులు చేసే అలవాటు చేతికి వచ్చింది. నల్లటి గుండ్రం, దాని అంచు చుట్టూ గొలుసులా తన లైను. నల్లరంగు నిండుగా పడేచోట అక్షరాలు తెల్లగా వదిలేస్తే కనబడతాయి, విజిటింగ్ కార్డుల్లో అతనెప్పుడూ చేసేదే. లైను బిళ్ల చుట్టూ సరిగ్గా ఒక చుట్టు తిరిగి కలిసింది. దాని గురించి అతను భార్గవికి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని తోచలేదు. కార్డు తీసుకోవడానికి వచ్చిన పెళ్లివారికి కూడా ఎప్పుడూ చెప్పలేదు గదా.

పన్నెండు బిళ్లలు వేసిచ్చాడు. నాలుగు రోజులకు భార్గవి ఫోన్ చేసింది.

"ఐజాజ్ గారూ, పన్నెండూ నిలిచాయి. ఒక్క పెచ్చు లేవలేదు. ఎందుకా అని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తున్నాను. ఇక్కడ నాకు మీ ఫోన్ నంబరు కనబడుతోంది."

"ఏం, తప్పు పడిందా?"

"లేదండీ. నంబరు కరెక్టే."

"హమ్మయ్య."

"అది కాదండీ నేను చెప్పేది." భార్గవికి నవ్వు, ఏడుపు ఒకేసారి వస్తున్నట్టుంది. "కాల్చినప్పుడు ఆ పొర ముడుచుకుంటుంది. ముడుచుకోవడానికి చోటు లేక అంచు దగ్గర లేచిపోతోంది. మీ అక్షరాలున్నచోట సిరా లేదు, అక్కడ దానికి చోటు దొరికింది. సిమెంటు రోడ్డుకి మధ్యమధ్య సందులు వదులుతారే, అట్లా."

ఆ నెలంతా ఐజాజ్ రోడ్డు మీద నడుస్తూ సిమెంటు సందులు చూసుకుంటూ తిరిగాడు. కాలేజీ నుంచి వారానికి యాభై బిళ్లల పని వచ్చింది. అమ్మేద్దామనుకున్న పెద్ద ఫ్రేములకు కొత్త జాలీ బిగించాడు. కొట్టు మూసేసి పిడుగురాళ్లలో బావమరిది సెల్ ఫోన్ షాపులో కూర్చోవాలన్న మాట ఆ ఇంట్లో వినబడడం మానేసింది.

అయితే మైక్రోస్కోపుకి ఒక దుర్గుణముంది. అది పెద్దది చేసి చూపిస్తుంది. చైర్మన్ గారు ల్యాబుకి వచ్చిన రోజు భార్గవి ఉత్సాహం ఆపుకోలేక బిళ్ల అంచును గోడ మీది తెరకెక్కించింది. అరచేయంత అక్షరాల్లో 'సైమా స్క్రీన్స్, నరసరావుపేట' అని వెలిగింది.

వెంకట్రామయ్య గారు చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. "బట్టీ నాది. కాలేజీ నాది. గ్రాంటు తెచ్చింది నేను. ఎవరమ్మా ఈ సైమా?"

భార్గవి సందుల సంగతి వివరించింది. ఆయన ఓపిగ్గా విన్నారు. "సందులుండాలంటే ఉంచు. ఆ సందులు మన పేరు మీద ఉండాల."

ఆ పని చైర్మన్ గారి మేనల్లుడు మహేష్ తలకెత్తుకున్నాడు. కాలేజీలో అతని ఉద్యోగం ఏమిటో ఎవరికీ తెలియదుగానీ, అతని సంతకం లేకుండా సుద్దముక్క కూడా బయటికి రాదు. సాయంత్రానికి ఫోనులో డిజైను పెట్టుకుని ఐజాజ్ కొట్టు ముందు బండి దిగాడు. బిళ్ల నడిమధ్య చైర్మన్ గారి ఫొటో, రెండు చేతులూ జోడించి నవ్వుతూ. కింద: 'విద్యాదాత, కర్బన విజేత, శ్రీ వెంకట్రామయ్య గారు'.

"ఏందయ్యా ఐజాజూ, మా బిళ్ల మీద నీ కొట్టు పేరేంది? తీసెయ్. ఇదెయ్."

ఐజాజ్ డిజైను చూశాడు. "ఫొటో ఎందుకు బాబూ? అది పొయ్యిలో ఉంటది గదా. ఎవరు చూస్తారు?"

"ఎనిమిది వందల డిగ్రీల్లో కూడా నవ్వుతా ఉండాల మా మావయ్య."

"పోనీ నడిమజ్జన వద్దు. మేడమ్ గారు అంచు దగ్గరే సందులుండాలన్నారు. పెద్దాయన పేరు అంచు చుట్టూ తిప్పుదాం, కింద నా లైను..."

మహేష్ నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "చైర్మన్ గారి పేరు అంచునా? ఏ ఫ్లెక్సీలోనన్నా, ఏ స్టేజీ మీదన్నా ఆయన అంచున కూర్చోగా చూశావా నువ్వు? పేరు మజ్జనే ఉండాల. అంచంతా నిండుగా నలుపెయ్. నీ లైను ఉండకూడదు."

"లైను లేకుండా నా కొట్లోంచి పని బయటికి పోదు బాబూ."

"అయితే పని నీ కొట్లోకి రాదు."

బండి వెళ్లిపోయాక నజీమా పసుపు గిన్నె పక్కన పెట్టింది. "ఏందయ్యా నీ పంతం? ఆయన పేరు వేసి చావరాదూ? ముప్పై ఏళ్లు ఊరందరి పేర్లూ వేశావు, ఈయనొక్కడు బరువయ్యాడా?"

"పేరు వెయ్యనన్నానా? లైను తియ్యనన్నా."

"లైను, లైను! ఆ లైను అన్నం పెడతదా?"

ఐజాజ్ రబ్బరు పట్టీ కడుక్కుంటూ ఉండిపోయాడు. మర్నాడు పిడుగురాళ్లకు ఫోన్ చేసి, షాపులో కుర్చీ ఖాళీగానే ఉందా అని అడిగింది నజీమాయే.

మహేష్ గుంటూరులో ఎవరి చేతనో ఫ్రేము చేయించాడు. భార్గవి రెండు పేజీల నోట్ రాసింది, అంచున సందులు లేకపోతే పెచ్చులూడుతుందని. దాని మీద 'చూశాను' అని మహేష్ సంతకమైంది. మే నెలలో ప్రదర్శన పెట్టారు. ఢిల్లీ నుంచి గ్రాంటు ఇచ్చినవాళ్లిద్దరు, మూడు టీవీ మైకులు, శామియానా, మజ్జిగ ప్యాకెట్లు. బిళ్ల ముందురోజు నుంచే కొలిమిలో వేడెక్కుతోంది. కార్బన్ డయాక్సైడ్ పైపు ఒక పక్క, అవతలి పక్క సన్నటి గొట్టం. ఆ గొట్టం కొసన అగ్గిపుల్ల పెడితే నీలిమంట రావాలి.

పదకొండు గంటల నాలుగు నిమిషాలకు ముహూర్తం. చైర్మన్ గారు స్విచ్చి నొక్కారు. మహేష్ లైటర్ వెలిగించి గొట్టం దగ్గర పెట్టాడు. ఏమీ లేదు. మళ్లీ పెట్టాడు. నీలిమంట వెలుతురులో కనబడదేమోనని కిటికీలు మూయించారు. కనబడింది మహేష్ ముఖం, చెమటతో. చైర్మన్ గారు మైకు తీసుకుని పల్నాటి పౌరుషం గురించి ఇరవై నిమిషాలు, తన బాల్యం గురించి ముప్పై నిమిషాలు మాట్లాడారు. ఆ లోపల ఏడు లైటర్లు మార్చారు. ఢిల్లీవాళ్లలో పెద్దాయన ఏదో రాసుకుని మజ్జిగ ప్యాకెట్ ఒకటి జేబులో పెట్టుకుని లేచాడు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల ప్రదర్శన వాయిదా అని టీవీలో వచ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు చైర్మన్ గారి వెనకాల కాలేజీ ఏసీ నిక్షేపంగా తిరుగుతూ కనబడింది.

కొలిమి చల్లారడానికి ఒక రోజు పట్టింది. మర్నాడు మధ్యాహ్నం తెరుస్తారనగా ఐజాజ్‌కి కబురొచ్చింది. వెంటనే రావాలట, చైర్మన్ గారు పిలుస్తున్నారు. నజీమా ఉతికిన చొక్కా ఇచ్చింది. "మీదికొచ్చినా నోరెత్తమాక" అంది.

ల్యాబులో బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద బిళ్ల. అంచు పొర చుట్టూ లేచి చిట్లింది. అక్కడ మొదలైన బీట లోపలికి పోయి, చైర్మన్ గారి ఎడమ చెవిని, చెంపను, మీసంలో సగాన్ని ఊడబెరికింది. జోడించిన చేతుల్లో ఒకటే మిగిలింది. దానివల్ల ఆయన దణ్ణం పెడుతున్నట్టు కాకుండా ఎవరినో కొట్టబోతున్నట్టున్నారు.

"ఏందయ్యా ఇది?" అన్నారు వెంకట్రామయ్య గారు. "ఢిల్లీ వాళ్ల ముందు పరువు తీశావు. ముందు బిళ్లలన్నీ బాగా వేసి, పేరు తియ్యమన్నారన్న కడుపుమంటతో దీన్ని ఇట్టా చేశావా?"

ఐజాజ్ మహేష్ వైపు చూశాడు. మహేష్ కొలిమి వైపు చూశాడు. గుంటూరు సంగతి చైర్మన్ గారికి ఎవరూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది. భార్గవి ఏదో అనబోయింది, మహేష్ కన్నెర్ర చేశాడు.

ఐజాజ్ జేబులోంచి భూతద్దం తీశాడు. జాలీ కంతలు లెక్కబెట్టుకోవడానికి ప్రింటర్లు వాడే చిన్న మడత అద్దం అది. బిళ్ల మీదికి వంగి, అంచు మిగిలినచోట మొత్తం, చుట్టూ గోరంత గోరంత జరుపుతూ చూశాడు. అక్కడేముందో చూడకముందే అతనికి తెలుసు. అయినా మొత్తం చూశాడు. ఐదు నిమిషాలు పట్టింది.

"నాది కాదండి" అన్నాడు లేచి. "లైను లేదు."

"ఏం లైను?"

"తప్పు పడితే ఎవరి చొక్కా పట్టుకోవాలో చెప్పే లైనండి. నా కొట్లో అది లేకుండా పని బయటికి రాదు. దీని మీద చూశాను, నా పేరు లేదు." భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ పేరే ఉందండి."

మూలన ఎవరో దగ్గారు. దగ్గు కాదని అందరికీ తెలుసు. చైర్మన్ గారు చాలాసేపు బిళ్ల మీద మిగిలిన సగం మీసాన్ని చూసుకున్నారు. తర్వాత ఎవరివైపూ చూడకుండా, "ఆ పాత ఫ్రేముతోనే వేయించండి" అని బయటికి నడిచారు.

తప్పయిందని ఎవరూ అనలేదు. వారం తర్వాత ఆటోలో బిళ్లల డబ్బా వచ్చింది, అంతే. ఐజాజ్ వేశాడు, తన లైనుతో. జూలైలో గొట్టం కొసన నీలిమంట వచ్చింది. అగ్గిపుల్ల మొనంత. చూడడానికి ల్యాబులో భార్గవి, వాచ్‌మన్ ఇద్దరే ఉన్నారు. వెయ్యి గంటలు ఆరకుండా మండింది. వాచ్‌మన్ దానిమీద టీ పెట్టుకోవచ్చా అని అడిగాడట. ఆ గ్యాసు పీలిస్తే చస్తావని భార్గవి చెప్పాక గది బయటే కూర్చున్నాడు.

మంట వచ్చాక మనుషులొచ్చారు. పేటెంటు దరఖాస్తు వెళ్లింది. కనిపెట్టినవారు: ఒకటి వెంకట్రామయ్య, రెండు మహేష్, మూడు ప్రిన్సిపాల్, నాలుగు భార్గవి. ఆమె ఐదో పేరు కూడా రాసింది. అది టైపయ్యేలోపు ఎక్కడో జారిపోయింది. విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది, బిళ్ల ఫొటోతో సహా. చివర కృతజ్ఞతల్లో 'స్థానిక సరఫరాదారు' అని ఉంది. భార్గవి ఆ పేజీ తీసుకుని కొట్టుకొచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

ఐజాజ్ అద్దం పెట్టి ఫొటో చూశాడు. బిళ్ల అంచున అతని లైను ఉన్నచోట నల్లపట్టీ వేసి మూసేశారు.

"ఫోన్ నంబరు ఉందని. వ్యక్తిగత వివరాలు అచ్చు వెయ్యకూడదట, వాళ్ల రూలు" అంది భార్గవి.

"పట్టీ వంకరగా పడింది" అన్నాడు ఐజాజ్. "అర మిల్లీమీటరు. ఎవరేశారో?"

"తెలియదండీ."

"అదే."

ఆమె అసలు పనికి అప్పుడొచ్చింది. బెల్జియంలో ఒక ల్యాబు వాళ్లు నలభై బిళ్లలు అడిగారు. పేటెంటు బొమ్మలో అక్షరాలుండకూడదని, వాటికి బదులు అంచు చుట్టూ చుక్కలు గీశారు. ఇకనుంచి అదే లెక్క. "కావాల్సింది సందులేనండీ. అక్షరాలే ఉండాలని లేదు. చుక్కలైనా సరిపోతాయి. నేను పరీక్ష చేశాను." ఆ మాట ఆమె నేల వైపు చూస్తూ చెప్పింది.

"చుక్కలు సమానంగా ఉండాలా?" అన్నాడు ఐజాజ్.

"అక్కర్లేదు. చుట్టూ ఉంటే చాలు."

"అయితే వేస్తాను."

నజీమా చేస్తున్న పని ఆపి మొగుణ్ని అనుమానంగా చూసింది. ఇంత సులువుగా ఒప్పుకున్న మనిషి కాదతను.

నలభై బిళ్లలూ వేశాడు, ఎండబెట్టాడు, దూదిలో సర్దాడు. కాలేజీ వాళ్లు వచ్చి పట్టుకెళ్లారు. మహేష్ కూడా వచ్చి ఒక బిళ్లను వెలుతురులో తిప్పి చూశాడు. "ఇప్పుడు నీట్‌గా ఉంది. అప్పుడే ఈ పని చేసుంటే ఇంత గొడవ ఉండేదా?" అన్నాడు. ఐజాజ్ తలూపాడు. ఆ రోజంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

డబ్బాలు విమానమెక్కిన వారానికి, ఒక పొద్దుట పెళ్లికార్డుల మధ్య మిగిలిపోయిన బిళ్ల ఒకటి నజీమాకు దొరికింది. చుక్కలు ఒకదానికొకటి సమానంగా లేవు. తొమ్మిది చుక్కలు, కాస్త ఎడం. నాలుగు చుక్కలు, ఎడం. మళ్లీ నాలుగు. ఆమె ఐజాజ్ భూతద్దం తీసుకుని గుమ్మంలో కూర్చుని, వేళ్లు మడుస్తూ చుట్టూ లెక్కబెట్టింది. పది గుంపులు. నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మనిషికి ఇంత దొంగబుద్ధి ఉందని ఆమెకు తెలియదు. అనుమానమొచ్చి ఇంకోసారి లెక్కబెట్టింది.

"ఏమయ్యా, ఇట్టా రా. మన నంబర్లో ఎనిమిదోది ఏంది?"

"ఆరు."

"ఐదే ఉన్నయ్."

ఐజాజ్ అద్దం లాక్కున్నాడు. ఐదే ఉన్నాయి. లోపలికెళ్లి ఫ్రేము వెలుతురుకి పెట్టి చూశాడు. ఎనిమిదో గుంపులో ఒక చుక్క దగ్గర జాలీ అసలు మూసుకోలేదు. జాలీ మీదికి బొమ్మ దింపే ఫిల్ము మీద దుమ్ము పడి ఉంటుంది. నలభై బిళ్లల మీదా అంతే. ముప్పై ఒక్క ఏళ్లలో లైనులో తప్పు పడడం అదే మొదలు.

"పోనియ్యి" అంది నజీమా. "ఎవడు లెక్కబెడతాడు బెల్జియంలో?"

అతను వినలేదు. కుర్చీలో కూలబడి చాలాసేపు ఫోను చేతిలో తిప్పాడు. తర్వాత బిళ్ల మీదున్న నంబరే, ఐదుతోనే, నొక్కాడు. అవతల బాగా మోగాక ఎవరో ఎత్తారు. వెనకాల గొర్రెల అరుపు.

"ఎవురూ?"

"నరసరావుపేట నుంచండి. సైమా స్క్రీన్స్. మీదే ఊరండి?"

"మాచెర్ల పక్కన. ఏంది, పెళ్లి కార్డులా? మా ఇంట్లో పెళ్లిళ్లేం లేవే."

"కాదన్నా. ఎప్పుడన్నా పై దేశం నుంచి ఎవరన్నా ఫోన్ చేసి, బిళ్ల పెచ్చులూడిందని తిట్టారనుకో, అది నువ్వు పడాల్సిన తిట్టు కాదు. నాది. నా నంబరు చెబుతా, వాళ్లకియ్యి. రాసుకుంటావా?"

అవతల కాసేపు గొర్రెలే మాట్లాడాయి.

"ఏం బిళ్ల?"

"సిరామిక్ బిళ్లన్నా. పొగలోంచి డీజిల్ తీసేది."

"పొగలోంచా!"

"ఆఁ. రాసుకో."

"ఉండు ఉండు" అన్నాడా మనిషి. "పెన్ను దొరకట్లా."

ఐజాజ్ ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. నజీమా కార్డుకి పసుపు పెడుతూ వింటోంది.